నాలుక లేపమన్న కాంపౌండరు గారు

మా కాంపౌండరు గారు పోయారని మొన్న తమ్ముడు ఫోన్ చేస్తే, నిజమేనా అని రెండుసార్లు అడిగాను. దేన్నీ ఒక్క మాటకు నమ్మకపోవడం నాకు ఆయన దగ్గర అబ్బిన గుణమే.

అరవై తొమ్మిదిలో, పదిహేడేళ్లప్పుడు, నాకు టీబీ వచ్చింది. సంగతి పొక్కితే చిక్కడపల్లిలో అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారని అమ్మ భయం. అందుకే నారాయణగూడ ఆస్పత్రి నుంచి ఆయనే రోజూ ఇంటికొచ్చి సూదిమందు వేసి, బిళ్లలు మింగించేవారు. ఊళ్లో ఆంధ్రా, తెలంగాణా అంటూ గొడవలు. మేం కోస్తావాళ్లం, ఆయన పాలమూరు మనిషి. అసలు మందు ఎక్కడో అమ్ముకుని నాకు నీళ్లు ఎక్కిస్తున్నాడని అమ్మ అనుమానం.

“సీలు మా ఎదురుగానే తీయండి. ఖాళీ సీసా ఇక్కడే పెట్టి వెళ్లండి,” అనేది.

ఆయన సీసాను వెలుతురుకు పట్టి చూపించి మరీ సీలు తీసేవారు. ఒక్కరోజూ ముఖం మాడ్చుకోలేదు. నాకు ఆ ఓపిక మీదే అనుమానం!

రెండు నెలలకు జ్వరం పోయింది, ఒళ్లు చేసింది. ఇంకా జబ్బేమిటనుకుని, కడుపులో తిప్పే ఆ బిళ్లల్ని నాలుక కింద దాచి, ఆయన వెళ్లగానే తూములో ఊసేదాన్ని. ఒకరోజు ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు.

“నోరు తెర్వు బిడ్డా. నాలుక లేపు.”

దొరికిపోయాను. అమ్మ ఏడ్చింది. ఆయన అరవలేదు.

“సగంల ఆపితే బీమారి మొండిదైతది, మల్ల మందుకు లొంగది. నేను నిన్ను నమ్మ, మీ అమ్మ నన్ను నమ్మది. గట్లనే ఉండనీ. బతుకుతవ్.”

ఏడాదిన్నర పాటు రోజూ నాలుక లేపాను. బతికాను. అమ్మ ఆయనకు క్షమాపణ చెప్పలేదు, కాఫీ ఇవ్వడం మొదలుపెట్టింది. నేనూ ఏమీ చెప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను టీబీ పట్టుకోవడం మొదలయ్యాక, రిటైరైన మనిషి మళ్లీ సంచీ తగిలించుకుని రాంనగర్ సందుల్లో తిరిగారట. అక్కడా అవే అనుమానపు చూపులు, ఆయనదీ అదే మాట, ‘నాలుక లేపు’.

ఫోన్ రాగానే అశోక్‌నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. జనంలో బక్కపల్చని మనిషి ఒకడు జేబులో చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. దొంగేమోనని కనిపెట్టి చూస్తున్నాను. నా దగ్గరికే వచ్చాడు.

“జర నీళ్లియ్యక్కా. గోలీలు ఏస్కునే టైమైంది. రోజూ సారే వచ్చి మింగిస్తుండె.”

నీళ్లిచ్చాను. అతను బిళ్లలు మింగి, పడుకోబెట్టిన ఆయన ముఖం మీదికి వంగి, నోరు తెరిచి, నాలుక లేపి చూపించాడు.