చిటికెడు మాస్టారు

చిటికెడు మాస్టారు జన్మలో ఏదీ మొత్తంగా తెరిచి ఎరగరు. బీరువా తలుపు చెయ్యి దూరేంతే తెరుస్తారు. పేపరైతే కావలసిన వార్త ఉన్న మూల తప్ప మిగతాదంతా మడిచే ఉంచుతారు. ఎవరైనా కష్టం చెప్పుకోబోతే, "మొత్తం వద్దు. కావలసిన ముక్క చెప్పు" అంటారు. పెళ్ళి ఆల్బమ్‌లోనూ ఒక ఫొటో చూసి, లోపల పెట్టాకే రెండోది బయటికి తీస్తారు. "మా పెళ్ళిలో భోజనాలదాకా రావడానికి నాకు పాతికేళ్ళు పట్టిందమ్మా!" అని వాళ్ళావిడ వాపోతుంది.

ఆయన ఉద్యోగం సముద్రపు వేడి లెక్కలు కట్టడం. ఆ పరిశోధనశాలలో అందరికీ కలిపి ఒకటే పెద్ద కంప్యూటరు. ఉపగ్రహాలు పంపే ఫైళ్ళా, కొండంత. వాటిని దింపుకునే మెమరీ చూస్తే వరండా అంత. ఎవరైనా ఆశపోతుగా ఫైలంతా దింపారో, చోటు చాలక కంప్యూటరు నడుస్తున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద లెక్కను నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది.

ఆ చచ్చేది ఎప్పుడూ వానల అమ్మాయి లెక్కే. వరదలకు ముందు వాన తీరు ఎలా ఉంటుందన్నది ఆమె పరిశోధన. అప్పటికే ఆ లెక్క రెండుసార్లు నడిమధ్యలో పోయింది. ఈసారీ పోతే గడువులోగా థీసిస్ ఇవ్వలేదు, గడువు దాటితే సీటే పోతుంది. ఆ అమ్మాయికి అన్నం సహించడం లేదు.

మాస్టారు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏమమ్మాయ్, ఒక్క ఊరి వాన కోసం ప్రపంచమంతా లోపలికి తెచ్చావా?"

"చిన్న ముక్కే కోసుకున్నాను మాస్టారూ!"

"కోశావు, వదల్లేదు. ఏనుగు పోయి తోక చిక్కిందనుకుంటున్నావు. ఇక్కడ తోక పట్టుకుని కూర్చుంటే ఏనుగు గదిలోనే ఉంటుంది. ఆ ముక్కకి విడిగా కాపీ తీసుకుని, పెద్దదాన్ని వదిలెయ్."

'అబ్బ, ఈయన చాదస్తం!' అనుకుంటూనే ఆయన చెప్పినట్టు చేసింది. నిజంగానే బోలెడు మెమరీ ఖాళీ అయింది. దేవుడి మీద భారం వేసి లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. ఎంత తగ్గించినా అక్కడ నడిచే వాటిలో పెద్దది అదే.

ఆ వారమే డైరెక్టరుగారు హాల్లోకొచ్చి విరుచుకుపడ్డారు. "మాస్టారూ, సముద్రం రిపోర్టేదండీ? పూటలో తేలే పనికి వారమా?"

"కొంచెం కొంచెంగా చదువుతున్నానండీ."

"మీ చిటికెలు తగలెయ్య!"

హాలంతా ఘొల్లుమంది. వానల అమ్మాయి కూడా నవ్వింది. మాస్టారు మాత్రం ముఖం చిట్లించకుండా ఇంకో చిటికెడు చదువుకున్నారు.

చివరికి ఆమె లెక్క బతికి బయటపడింది. ఆనందం పట్టలేక బజారుకు పరుగెత్తి కేకు తెచ్చింది. తిరిగొచ్చేసరికి మాస్టారి రిపోర్టు డైరెక్టరుగారి బల్ల మీద ఉంది. ఆమెకు అనుమానం వచ్చి కంప్యూటరులో చూస్తే, తన లెక్క ముగిసిన మరుక్షణం నుంచి మాస్టారు ఫైళ్ళను చేటలకొద్దీ లాగేశారు.

తిన్నగా ఆయన గదికెళ్ళింది. "ఇవాళ ఇంతింత లాగారే! వారమంతా ఎందుకు లాగలేదు?"

"అదేమిటంటే అమ్మాయ్, డిస్కు మీద ఫైలు అమరికలో..."

"మొత్తం వద్దు మాస్టారూ. కావలసిన ముక్క చెప్పండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అప్పుడు నీ లెక్క నడుస్తోంది కదమ్మా."

అందరితోపాటు తానూ నవ్వినందుకు ఆమెకు సిగ్గేసింది. కేకు పెట్టె ఆయన ముందుకు జరిపింది. మాస్టారు మూత వేలెడంత ఎత్తి, చిటికెడు తీసుకుని, జాగ్రత్తగా మూసేశారు.

"ఇక పట్టుకెళ్ళు. అవతల అందరూ ఉన్నారు."