చుక్కలు ముందు పెట్టిన సంతకం

మా తమ్ముడు చెప్పే కథలో దొంగ సంతకం నాది. ఈ సంగతి మొదట్లోనే తేల్చుకుందాం: నాది కాదు.

పోయిన నెల వాడి కూతురిని హైదరాబాదు హాస్టల్లో చేర్పించడానికి అందరం వాడింట్లో కూర్చున్నాం. ఇప్పుడు ఫారం కూడా ఫోన్లోనే. తండ్రి ఒప్పుకున్నాడనడానికి ఆయన ఫోనుకు ఓ నంబరు వస్తుంది, అది కొడితే అయిపోయినట్టే. ఆ నంబరు వచ్చేలోపే మా తమ్ముడు మొదలుపెట్టాడు. "మా అక్క అప్పట్లనే నాయిన దస్తఖత్ తానే గీకి హాస్టల్‌కు ఉరికింది. జర చూసి నేర్చుకో బిడ్డా!" పిల్ల నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మరదలు చాయ్ చేతికిస్తూ, "వదినె తక్కువ తిన్నదా మరి?" అని నవ్వింది. పెళ్లికీ పురుడుకీ మా ఇంట్లో ఈ కథ నడుస్తూనే ఉంది, దగ్గర దగ్గర నలభై ఏళ్లుగా. నేనెందుకు కాదనలేదంటే, నిజం చెప్పాలి గదా, నాకది బాగుండేది. ధైర్యవంతురాలినని పేరు ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు? పైగా నేను కాదంటే ఇంకొకరి పేరు చెప్పాల్సి వస్తుంది. ఆ మనిషి ఇప్పుడు లేదు. అప్పుడు మా తమ్ముడికి తొమ్మిదేళ్లు, లాగు జారకుండా పట్టుకోవడమే వాడికి పెద్ద పని. కనుక వాడిక నోరు మూసుకుని వినాలి. ఆ రోజు వాళ్లందరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నా ఇంటర్ జహీరాబాదులోనే అయింది. డిగ్రీకి హైదరాబాదు పోతానని పట్టుబట్టింది నేనే. ఎనభైల నడిమి మాట. హాస్టల్లో గదికి ఎనిమిది ఇనుప మంచాలు, ప్రతి మంచం కింద ఒక ట్రంకు పెట్టె, స్నానాల గది ముందు తెల్లారకముందు నుంచే బకెట్ల వరస. మనిషి నిలబడక్కర్లేదు, బకెట్ నిలబడితే చాలు. కానీ ఎవరూ చూడకుండా పక్కవాళ్ల బకెట్‌ను వెనక్కి జరిపే మహాతల్లులు ఉండేవాళ్లు. నా మొదటి కొట్లాట అక్కడే. "గట్లెట్ల జరుపుతవే నా బకీటు?" అన్నాను. వరసంతా నవ్వింది. బకెట్ న్యాయం గాలికి పోయింది గానీ 'గట్లెట్ల' అన్నది నెల రోజులు నా పేరై కూర్చుంది. ఆ పేరు పెట్టింది కోస్తా నుంచి వచ్చిన నా పక్క మంచం అమ్మాయి.

మెస్‌లో ఎప్పుడు చూసినా అన్నమే. మా ఇంట్లో పొద్దున జొన్నరొట్టె పడకపోతే తిన్నట్టే లెక్క కాదు. నాకు కడుపు నిండేది, ఆకలి తీరేది కాదు. ఇది ఉత్తరంలో రాస్తే అమ్మ కడక్ రొట్టెలు పంపడం మొదలుపెట్టింది. ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను: జొన్నరొట్టెను పల్చగా కొట్టి కాల్చి, మళ్లీ సన్నసెగ మీద తడి లేకుండా ఆరనిస్తే అప్పడంలా పెళపెళలాడుతుంది, వారాల తరబడి పాడుగాదు. అమ్మ పుట్టిల్లు న్యాల్‌కల్ దాటి కర్ణాటక వైపు. ఆ రొట్టె అక్కడి నుంచి తెచ్చుకున్నదే. ముగ్గేసేటప్పుడు చుక్కల్ని "ఒందు, ఎరడు, మూరు" అని కన్నడంలో లెక్కపెట్టుకోవడమూ అక్కడి నుంచి తెచ్చుకున్నదే. పాత చీర ముక్కలో చుట్టిన ఆ మూట ఎవరో తెలిసినవాళ్ల చేత బస్సులో వచ్చేది. నన్ను వెక్కిరించిన పక్క మంచం అమ్మాయే దానికి కాపలా. ఆమె గోంగూర పచ్చడి, నా రొట్టె. వానాకాలం పోయేసరికి "గట్లెట్ల అయిపోయినయే రొట్టెలు?" అని నా మాటతోనే నన్ను నిలదీసేదాకా వచ్చింది. ఆ దినమే నేను ఆ ఊళ్లో కుదురుకున్నానని నా లెక్క.

మా నాయిన నిజాం కాలపు బడిలో ఉర్దూలో చదువుకున్నవాడు. తెలుగు పేపరు చదివినా సంతకం ఉర్దూలోనే, కుడి నుంచి ఎడమకు ఒక్క ఊపులో. ఉర్దూ నాకు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. నా కంటికి ఆ సంతకం పడవలో కూర్చున్న మనిషిలా ఉండేది, కింద మూడు చుక్కలు, పైన రెండు. ఇక అమ్మకు ఏ భాషలోనూ అక్షరం రాదు. ఎక్కడ అడిగినా బొటనవేలే.

మొదటి ఏడు అయిపోయి ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను, రెండో ఏటి హాస్టల్ ఫారం పట్టుకుని. దాని మీద తండ్రి సంతకానికి ఒక గడి ఉంది, తల్లికి గడి లేదు. సెలవులు అయిపోవస్తున్నాయనగా ఝరాసంగం వైపు నుంచి మా చిన్నాయన ఒకాయన దిగాడు. నాయినకు వరసకు తమ్ముడు. చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "అన్నా, పట్నంల నీ బిడ్డను చూసిన. డబుల్ డెక్కర్ బస్సుల, మీది అంతస్తుల, అందరికన్న ముందల కూసోని పకపక నవ్వుతుండె" అన్నాడు.

నాయిన నన్ను పిలిచాడు. "నవ్వినవా?"

"నవ్విన."

"నవ్వుడు తప్పంటలేను. అంత ఎత్తున కూసోని నవ్వుడెందుకు?"

ఇలాంటి ప్రశ్నకు ఊరుకోవడం నా వల్ల అయ్యే పనేనా? "కింద కూసోని నవ్వితే నీ తమ్మునికి కనబడకపోదుననా?" అన్నాను. ఆ ఒక్క మాటతో నా రెండో ఏడు గోవిందా అయింది. "నేను దస్తఖత్ పెట్ట. ఇగ హాస్టల్ లేదు, ఏం లేదు" అని ఫారం తీసి గూట్లో పెట్టేశాడు. మూడు రోజులు వాదించాను. వాదించినకొద్దీ నాకున్నది తరిగిపోయింది. మొదటి రోజు హాస్టల్ ఒక్కటే పోయింది, రెండో రోజు డిగ్రీ పోయింది, మూడో రోజుకు రాయికోడ్ సంబంధం ఒకటి పైకి లేచింది. ఫారం అందించడానికి ఇంకొక్క రోజే గడువు. అమ్మ మాత్రం ఆ మూడు రోజులూ నోరు విప్పలేదు. నాకు ఆమె మీద వచ్చిన కోపం నాయిన మీద కూడా రాలేదు.

నాలుగో రోజు పొద్దున్నే నాయిన ఎడ్లు చూసొస్తానని బీదర్ పోయాడు. మధ్యాహ్నం అమ్మ నా ట్రంకు పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టి, రొట్టెల మూట చేతికిచ్చింది. మూట మీద మడిచిన ఫారం.

"రెండు గంటల బస్సుకు పో బిడ్డా."

"నాయినేమంటడు?"

"దస్తఖత్ అయింది, చూసుకో."

విప్పి చూశాను. పడవ, మనిషి, చుక్కలు. "ఎప్పుడు పెట్టిండు? నాతోని ఎందుకు చెప్పలే?"

"నీకు బస్సు కావాల్నా, జవాబు కావాల్నా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను జవాబు వదిలేసి బస్సు పట్టుకున్నాను. మూట అందుకునేటప్పుడు అమ్మ చూపుడువేలికి సిరా కనబడింది. ఆమె బొటనవేలికి సిరా ఎన్నోసార్లు చూశాను, చూపుడువేలికి ఎన్నడూ చూడలేదు. అయినా దాని గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది?

హాస్టల్ గేటు దగ్గర ఫారాలు తీసుకునేది ముసలి వాచ్‌మన్. మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన నా ఫారాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"బేటీ, ఈ దస్తఖత్ ఎవరిది?"

"మా నాయినది చాచా."

"మీ నాయిన నుక్తాలు ముందు పెట్టి, అక్షరం తర్వాత రాస్తడా?" ఆయన గోటితో చూపించాడు. ఉర్దూ రాసేవాళ్లు గీత లాగేసి, చుక్కలు ఆఖరున పెడతారట. ఇక్కడ చుక్కలు ముందే ఉన్నాయి. గీత వాటికి తగలకుండా మెల్లగా పక్క నుంచి వంగి పోయింది. "నా ఉమర్‌ల ఇట్ల రాసినోళ్లను చూడలే."

నేను మాత్రం చూశాను, పుట్టినప్పటి నుంచి, రోజూ పొద్దున, మా వాకిట్లో. చుక్కలు ముందు పెట్టి గీత తర్వాత గీసే మనిషి మా ఇంట్లో ఒక్కతే. నా మొహం ఎలా మారిందో గానీ, చాచా ఇంకేమీ అడగలేదు. నా ఫారాన్ని కట్ట మధ్యలో దూర్చి, "వార్డెన్ మేడమ్‌కు ఉర్దూ రాదు. ఫికర్ చెయ్యకు, పో" అన్నాడు.

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాను? రెండు వారాలు ఇంటి నుంచి ఏ కబురూ లేదు. మూడో ఆదివారం నాయినే వచ్చాడు, చేతిలో రొట్టెల మూటతో. చూడవచ్చినవాళ్లు పుస్తకంలో సంతకం చెయ్యాలి. మా వార్డెన్ పద్ధతి గల మనిషి. పుస్తకంలో సంతకాన్ని ఫారంలో సంతకంతో పోల్చి చూస్తే గానీ వదిలేది కాదు. చూసింది. మళ్లీ చూసింది. "ఇది కాస్త వేరుగా ఉందేమిటండీ? రెండూ మీవేనా?"

నాయిన అద్దాలు పెట్టుకుని ఫారం చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కాదన్నాడంటే నేను ఆ పూటే పెట్టె సర్దుకోవాలి. అమ్మకు ఇంట్లో ఏమవుతుందో నేను ఊహించుకోలేను. గుమ్మం దగ్గర చాచా పైకప్పు కేసి చూస్తున్నాడు.

"నాదే," అన్నాడు నాయిన. "ఆ దినం కలం మంచిగ లేకుండె."

బయటికొచ్చాక ఆయన అడిగింది ఒక్కటే. "ఆ బస్సేది?" తీసుకుపోయాను. మెట్లెక్కి, పై అంతస్తులో అందరికన్నా ముందు సీట్లో కూర్చున్నాడు, ఎదుటి కమ్మీని రెండు చేతులా పట్టుకుని. చెట్ల కొమ్మలు అద్దాన్ని గీకినప్పుడల్లా తల వంచాడు. దిగేముందు, "గాలి మంచిగొస్తది" అన్నాడు. ఆ మర్నాటి నుంచి రాయికోడ్ సంబంధం మాట మళ్లీ వినలేదు. మరుసటి ఏడు ఫారం మీద ఆయనే సంతకం పెట్టాడు. దగ్గరుండి చూశాను, చుక్కలు ఆఖరునే పెట్టాడు.

అమ్మను ఒకసారి అడిగాను. "అదేం పెద్ద విద్యనే? ముగ్గే గదా" అని పిండి పిసుక్కుంటూ పోయింది. నాయిన పోయాడు, తర్వాత అమ్మా పోయింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఇదంతా విని మా తమ్ముడు నంబరు కొట్టాల్సిన ఫోను బోర్లించి పక్కన పెట్టాడు. వాడి కూతురే అడిగింది. "అత్తమ్మా, మరి నాయినమ్మ ఏడ నేర్చుకున్నది? ఒక్కటే ఫారం గదా, చెడిపోతే ఎట్ల?"

ఇన్నేళ్లలో ఈ ముక్క నాకు తట్టలేదు. ఆ నాలుగో రోజు పొద్దుటి సంగతి అప్పుడు కళ్ల ముందుకొచ్చింది. పండగా పబ్బమా, ఇంటెనుక గిన్నెలు తోమే జాలాడి పక్కన పేడనీళ్ల సాన్పి చల్లి ఉంది. దాని మీద సగం తుడిచేసిన తెల్లటి గీతలు, కొన్ని చుక్కలు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని నాయిన వాటి ముందు నిలబడ్డాడు. నమలడం మానేసి నిలబడ్డాడు. తర్వాత వాటిని తొక్కకుండా పక్క నుంచి వచ్చి, "నేను బీదర్ పోతున్న. ఎడ్లు చూసొస్త. రేపటిదాక రాను" అన్నాడు. పొయ్యి ముందు కూర్చున్న అమ్మ తల తిప్పకుండానే "మంచిది" అంది. మా ఎడ్లకు అప్పుడు ఏ లోటూ లేదు. బీదర్ నుంచి ఆయన ఉత్త చేతులతో వచ్చాడని మా తమ్ముడే నాకు చెప్పాడు.

ఇన్నేళ్ల కాలం కూడా అమ్మ లాగే తుడిచింది, సగం తుడిచి వదిలేసింది. ఆ ఇంట్లో ఉర్దూ చదవడం వచ్చిన మనిషి నాయిన ఒక్కడే. నా బస్సు నాకు దొరికింది, నిజమే. జవాబు మాత్రం ఇప్పటికీ కావాలి: ఆ పొద్దున నేల మీద మా నాయిన తన పేరు చదువుకున్నాడా?