సోములమ్మ ఊడ్చిన ఒడ్డు

అరకు దగ్గర డుంబ్రిగుడ పక్కన పారే గెడ్డకి ఒక మర్యాద ఉండేది. పొంగాలనిపిస్తే ముందు సోములమ్మ గుమ్మం దాకా వచ్చి, పొంగమంటావా ఆగమంటావా అని అడిగేది. సామలు దంచుకుంటున్న సోములమ్మ రోకలి ఆపకుండానే పొమ్మంటే, పిల్లిలా వెనక్కి పోయేది. సంతలో ఈ మాట నమ్మనన్నవాడికి ఎవరూ బీడీకి నిప్పు కూడా ఇచ్చేవారు కాదు.

సోములమ్మకి ఉన్నది ముక్కచెక్క పోడు, నాలుగు మేకలు. వాటితోపాటు ఒక విద్య: గెడ్డ ఒడ్డున ఎక్కడ దిగాలో చెప్పడం. ఆ రోజుల్లో విశాఖ నుంచి కుటుంబాలు గుడారాలు, వంటసామాను కట్టుకుని అరకు వచ్చేవి. పట్నం వాళ్ళకి నీళ్ళు కనిపిస్తే చాలు, అక్కడే చాప పరిచేస్తారు. సోములమ్మ వచ్చి లేపేది. పశువులు దాటే రేవుకి దిగువన నీళ్ళు ముంచుకోవద్దనేది. కర్రతో నేల పొడిచి చూసి, కర్ర దిగబడితే బండి చక్రమూ దిగబడుతుందనేది. పొద్దుటెండ ముందుగా తగిలే చోటు చూపించేది. అది లేకపోతే అరకు చలికి పట్నం పిల్లలు మధ్యాహ్నం దాకా దుప్పట్లోంచి ముక్కు బయటపెట్టరు మరి.

డెబ్బై మూడు డిసెంబరులో సర్వేశ్వరరావు వచ్చాడు. పోర్టులో మెకానిక్కు. వేలంలో పాత అంబులెన్సు కొని, లోపల బల్లమంచాలు, కిరసనాయిలు స్టవ్వు, నెత్తిన నీళ్ళ డ్రమ్ము, కిటికీలకి నీలం పువ్వుల పరదాలు అమర్చాడు. చూసినవాళ్ళంతా దాన్ని ఇల్లుబండి అన్నారు. అనంతగిరి ఘాటులో అది ప్రతి మలుపు దగ్గరా ఆగి ఎంత ఆవిరి కక్కిందంటే, కాఫీ తోటల కూలీలు ఆ రేడియేటరు నీళ్ళతో టీ కాచుకున్నారట. అందులోంచి భార్య సత్యకుమారి, ఇద్దరు ఆడపిల్లలు దిగారు.

వాళ్ళకి చూపించిన మొదటి చోట చెట్ల కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు జడలు కట్టి వేలాడుతున్నాయి. సర్వేశ్వరరావు అదేంటని అడిగాడు.

"గెడ్డ అంతెత్తు వచ్చెల్లింది బావూ, అదే ఆనవాలు. సలికాలం పరవానేదు. వానల్లో మాత్రం అలాటి సెట్టు కింద దిగకు."

ఆయన బుద్ధిమంతుడైన బడిపిల్లాడిలా తల ఊపాడు. సత్యకుమారికి మాత్రం ఆ చెత్త నచ్చలేదు. దిష్టి తీసి కట్టినట్టుందని, అన్నంలో రాలుతోందని రెండు రోజులూ సణిగింది. సోములమ్మకి అది గుచ్చుకుంది.

మరుసటేడు వాళ్ళు వచ్చేసరికి కొత్త చోటు సిద్ధం చేసింది. గెడ్డ మలుపులో, ఇంకాస్త కిందికి. నీళ్ళలోకి జారే నున్నటి బండ, తెల్లటి ఇసుక, మూడు నేరేడు చెట్లు. వాటి కొమ్మల్లోనూ గడ్డి ఉంది. సోములమ్మ వెదురుగెడకి కొడవలి కట్టి, మూడు రోజులు చెట్టెక్కి దిగి, పుల్ల మిగలకుండా పీకింది. కింద ఊడ్చి నీళ్ళు చల్లింది.

సర్వేశ్వరరావు బండి దిగుతూనే తలెత్తి చూశాడు. పాఠం మరిచిపోలేదు. "ఒక్క పుల్ల లేదే! ఇలాంటి చోటు ఎక్కడ పట్టావు సోములమ్మా?" అన్నాడు.

తనే పీకానన్న మాట సోములమ్మ నోటిదాకా వచ్చింది. కానీ సత్యకుమారి అప్పటికే చెప్పులు విడిచి ఇసుకలో నడుస్తూ నవ్వుతోంది. గెడ్డ చీలమండ దాటి లేదు. తానుండగా వాళ్ళకి ఆనవాళ్ళెందుకులే అనుకుని సోములమ్మ ఆ మెప్పుని అలాగే ఉంచేసుకుంది.

నాలుగు చలికాలాలు అక్కడే దిగారు. పిల్లలు బండ మీంచి జారి జారి గౌన్ల వెనకభాగాలు చిరిగి, ఇంటికి తువ్వాళ్ళు చుట్టుకుని వెళ్ళేవారు. సత్యకుమారి సోములమ్మని కూర్చోబెట్టి తలకి కొబ్బరినూనె రాసేది, సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేది. వలిసె చేలు పసుపు పూతకొస్తే చాలు, సోములమ్మ ఇల్లుబండి హారను కోసం చెవి వొగ్గేది. వాళ్ళు ఏటేటా రావాలి, అంతే. ఆవిడ కోరిక మరొకటి లేదు.

డెబ్బై ఎనిమిదిలో పెదబయలు నుంచి కబురొచ్చింది, కూతురికి నెలలు నిండాయని. ఆ ఏడు శ్రావణంలో గెడ్డ గట్టిగానే వచ్చి, నేరేడు కొమ్మల్లో కొత్త గడ్డి చుట్టి వెళ్ళింది. తిరిగి రావడం ఆలస్యమైతే సత్యకుమారి మళ్ళీ ముఖం చిట్లిస్తుందేమోనని, సోములమ్మ ప్రయాణానికి ముందురోజే చెట్లన్నీ శుభ్రం చేసేసింది.

ఎప్పుడూ డిసెంబరులో వచ్చేవాళ్ళు ఆ ఏడు దసరా సెలవులకే వచ్చారు. సోములమ్మ ఊళ్ళో లేదని తెలిసింది. వానలింకా వెళ్ళలేదని సర్వేశ్వరరావుకి తెలుసు. అందుకే బండి ఆపే ముందు మూడు చెట్ల చుట్టూ తిరిగి చూశాడు. పిల్లలిద్దరి చేతా వెతికించాడు. కొమ్మలు తుడిచిన అద్దంలా ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తింటున్నారు. ఒడ్డున ఎండగానే ఉంది, వాన పైకొండల్లో పడింది. గెడ్డ ఎర్రబడిందని పెద్దపిల్ల చెప్పేలోపే మోకాళ్ళకొచ్చింది. ఆయన పిల్లల్ని గట్టెక్కించాడు. సత్యకుమారి ట్రంకుపెట్టె కోసం బండి దగ్గరికి వెళ్ళింది. బండి కదిలి ఆవిడ కాలిని బండకేసి నొక్కింది. పొలాల్లోంచి జనం పరిగెత్తుకొచ్చి లాగారు, మంచమ్మీద రోడ్డుకి మోశారు. ప్రాణం దక్కింది. మోకాలు మళ్ళీ వంగలేదు. ఇల్లుబండి ఫర్లాంగు దూరం దొర్లిపోయింది.

నాలుగు రోజులకి సంతకొచ్చినవాళ్ళు పెదబయలులో ఈ సంగతి చెప్పారు. సోములమ్మ బాలింతని వదిలి వచ్చేసింది. నేరేడు కొమ్మల్లో, రెండు నిలువుల ఎత్తున, గడ్డితో కలిసి నీలం పువ్వుల పరదా వేలాడుతోంది. దాన్ని తియ్యడానికి చెయ్యి రాలేదు.

అయిదేళ్ళ తరవాత సర్వేశ్వరరావు ఒక్కడే పాసింజరు బండిలో వచ్చాడు. జుట్టు నెరిసింది. సోములమ్మ అరుగు మీద కూర్చుని, గొడుగు మడుస్తూ తెరుస్తూ మాట్లాడాడు.

"నువ్వు చెప్పినట్టే చూశాననుకున్నాను. ఏదో కొమ్మ దాటేసుంటాను. రోజుకోసారైనా అంటుంది ఆవిడ, కళ్ళుండీ గుడ్డివాడివని. నిజమే కదా."

సోములమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆ ముక్కతో ఆయన ఇంటికి వెళ్ళి తలెత్తుకుని అన్నం తినొచ్చు. కానీ ఆ తరవాత సత్యకుమారి తనని అప్పా అని తలుచుకోదు.

"బువ్వ తినెల్లు బావూ" అంది.

ఆయన తిన్నాడు, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. ఈసారి వస్తే చెప్పేస్తానని సోములమ్మ రెండు చలికాలాలు ఎదురుచూసింది. మూడో ఏడు, పోర్టు కాలనీలోనే కాపురముండే బస్సు కండక్టరు కొండబాబు చెప్పాడు, సర్వేశ్వరరావు గుండెపోటుతో పోయాడని. భార్య కుంటుకుంటూ వచ్చి, శవాన్ని కూడా తిట్టిందని.

ఆ తరవాతే సంతలో కథ పెరిగింది. ఇల్లుబండి కొట్టుకుపోయిన రోజు గెడ్డ గుమ్మం దాకా వచ్చిందట. సోములమ్మ పెదబయలులో ఉంది. అడుగుదామంటే మనిషి లేక, అలిగి, బండిని ఎత్తుకుపోయిందట. పాపం పట్నం ఆయనకి చూపు ఆనలేదని కూడా చేర్చేవారు. గుడారాలు తెచ్చుకున్న కొత్త కుటుంబానికి ఒకడు ఇదంతా చేతులు తిప్పుతూ చెబుతుంటే, పక్కనే అల్లం అమ్ముతున్న సోములమ్మ తట్ట పక్కకి జరిపి లేచింది.

"గెడ్డ నన్నేటీ అడగనేదు. ఆ బావు సరిగానే సూసినాడు. కొమ్మల్లో సెత్త నానే తీసీసినాను, తీసినానని సెప్పనేదు."