మా అడ్డా మొత్తానికి ఒకటే మెయిల్

బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో నాకొక జిరాక్స్ షాపుంది. పక్కనే కిరాయి కార్ల అడ్డా. ఆ అడ్డాలో కార్లు ఎన్ని ఉన్నా ఈమెయిల్ మాత్రం ఒకటే. అది నాది. బండి ఇన్సూరెన్సు కాగితం రావాలన్నా, పిల్లల హాల్‌టికెట్ రావాలన్నా, ఆన్‌లైన్‌లో టైర్లు బుక్ చేయాలన్నా డ్రైవర్లందరూ నా మెయిలే రాయించేవాళ్లు. "మాకెందుకక్కా గవన్ని? నీదే పెట్టు" అనేవాళ్లు. "అక్కా, నాదొచ్చిందా?" అని రోజంతా అడుగుతుంటే విసుగొచ్చి, అందరి ఫోన్లలోనూ ఆ మెయిల్ ఎక్కించేశాను. అప్పటి నుంచి ఎవరికి ఏది వచ్చినా అందరి జేబులూ ఒకేసారి మోగేవి. ఎవరిది వాళ్లు చూసుకునేవాళ్లు. ఏళ్ల తరబడి ఏ గొడవా రాలేదు.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఉంటే ఉంది. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటున్నాను.

అడ్డాలో నాకొక తమ్ముడున్నాడు. తోడబుట్టినవాడు కాదు. పెద్ద కొడప్‌గల్ వైపు తండా నుంచి వచ్చి ఇక్కడ బండి నడుపుకుంటాడు. నోరారా అక్కా అంటాడు కాబట్టి తమ్ముడే. పొద్దున్నే టీచర్లను ఎక్కించుకుని జుక్కల్ వైపు బడుల దగ్గర దింపి, సాయంత్రం మళ్లీ తీసుకొస్తాడు. పెళ్లిళ్ల కాలమైనా కాకపోయినా అతని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ టీచర్ల కిరాయితోనే. అలాంటి కారుకు స్టీరింగ్ ర్యాక్ పోయింది. మనం స్టీరింగ్ తిప్పితే కింద చక్రాలను తిప్పేది అదే. ఆ మోడల్ కారును కంపెనీ ఎప్పుడో ఆపేసింది. బోధన్‌లో లేదు, నిజామాబాద్‌లో లేదు, హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర కూడా లేదన్నారు. టీచర్లు మంచివాళ్లే. "ఈ నెలాఖరు దాకా బస్సుల్లో పోతాం, తర్వాత మాత్రం వేరే బండి చూసుకోక తప్పదు" అని ముందే చెప్పారు. బడికి ఆలస్యమైతే మాట పడేది వాళ్లే కదా.

నేను ఫోనులో నాలుగైదు చోట్ల వెతికాను. కనబడిన ప్రతి అమ్మకందారుకూ మెయిల్ పెట్టాను. చివరికి ఒక సైట్లో దొరికింది. ఒక్కటే పీసు ఉంది. వస్తువు చేతికొచ్చాకే డబ్బులిచ్చేలా బుక్ చేశాను. తమ్ముడు వెంటనే టీచర్లకు ఫోన్ చేసి "ఇగ వచ్చేస్తది సార్" అని చెప్పుకున్నాడు.

మా అడ్డాలో ఒక పద్ధతుంది. ఎవరి బండి ఆగిపోయినా మిగతావాళ్లు తలా ఒక ట్రిప్పు కిరాయి తీసి పెడతారు. అడగడం ఉండదు, రాసుకోవడం ఉండదు. రేపు నా బండి ఆగితే నాకూ పెడతారన్న నమ్మకం, అంతే. ఈసారి కూడా తీశారు. అందరిలోకీ పెద్దవాడైన డ్రైవరు ఖాతాలో వేశారు. పార్సిల్ వచ్చిన రోజు ఆయన కట్టాలి. అదీ మాట.

బుక్ చేసిన కొన్నాళ్లకు ఒక రోజు నేను రుద్రూర్‌లో మా చెల్లెలి ఇంటికి పోయాను. తిరిగి వచ్చి షట్టర్ ఎత్తుతుండగానే పెద్దాయన సంతోషంగా ఎదురొచ్చాడు.

"చెల్లె, తమ్ముని పార్సల్ నడుమల ఆగిందట. రెండు గంటల్ల పైసలు కట్టకుంటె వాపస్ పోతదని రాసిండ్రు. పిలగాడు ఊళ్లె లేడు. నువ్వు సుత లేవు. నేనే కట్టేసిన. ఇగ ఫికర్ లేదు."

ఆయన ఫోన్ లాక్కుని చూశాను. పంపినవాడి అడ్రసు చూస్తే పిల్లలు ఫోనుతో ఆడుకుంటూ కొట్టినట్టు పిచ్చి అక్షరాలు. ఆర్డర్ నంబరు లేదు. కొన్నవాళ్ల పేరు లేదు, ఉత్త 'డియర్ కస్టమర్', అంతా ఇంగ్లీషులోనే. డబ్బు కట్టాల్సింది వస్తువు వచ్చాక కదా, ఇప్పుడు చార్జీలేమిటి? కింద ఒక నీలం బటన్. పెద్దాయన దాన్ని నొక్కాడు, అడిగిన నంబర్లన్నీ కొట్టాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా ఇచ్చాడు. వాళ్లడిగింది చిన్న మొత్తమే. పోయింది మాత్రం అడ్డా మొత్తం తీసి పెట్టిన ట్రిప్పుల డబ్బు.

ఆ మెయిల్ పంపినవాడి నోట్లో మన్ను పడ. ఎక్కడో కూర్చుని వెయ్యిమందికి విసిరిన గాలం వాడిది. మా పెద్దాయన తనకోసం అయితే నొక్కేవాడే కాదు. తనకొచ్చిన బ్యాంకు మెసేజీలనే నమ్మడు. ఇంకొకడి బండి ఆగిపోయిందన్న బాధతో నొక్కాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, రాసుకున్నారు. అప్పటికే డబ్బు చేతులు మారిపోయిందన్నారు. పార్సిల్ వచ్చేసరికి మళ్లీ తలా ఒక ట్రిప్పు తీద్దామని అడ్డావాళ్లు అనుకున్నారు.

మరునాడు జిరాక్స్ కోసం వచ్చిన ఒక సారు ఈ సంగతి విని పకపకా నవ్వాడు. "గంత గుడ్డిగ ఎట్ల నొక్కిండమ్మా? సదువు లేకుంటె గింతే." పెద్దాయన బయట బెంచీ మీదే ఉన్నాడు, విన్నాడు, తల వంచుకున్నాడు. నేను సారు కాగితాలు సారుకే తిరిగిచ్చి, మిషన్ పాడైంది పొమ్మన్నాను. ఆయన కళ్ల ముందే వెనకాలవాళ్లకు జిరాక్స్ తీసిచ్చాను.

తమ్ముడు మాత్రం పెద్దాయనను ఒక్క మాట అనలేదు. చాయ్ తెచ్చి చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది. అడ్డాలో అందరినీ షాపు ముందు నిలబెట్టి అరిచాను. "తొందరపెడితే దొంగ. ఇంగ్లీషుల బెదిరిస్తె దొంగ. అడ్రసు తిక్కతిక్కగుంటె దొంగ. నీలం బటన్ నొక్కుమంటె దొంగ. నొక్కకుండ్రి, తీసి అవతల పారేయుండ్రి!" అందరూ బడిపిల్లల్లా తలూపారు. అందరికంటే శ్రద్ధగా విన్నది తమ్ముడే. నా వెనకాలే ఒక్కొక్కటీ పైకి చెప్పుకున్నాడు.

వారం తిరిగిందో లేదో, నవ్వు ముఖంతో షాపులోకి వచ్చాడు.

"అక్కా, నిన్న ఇంకొక దొంగోడు వచ్చిండు. నేను గుర్తువట్టిన. ఒక్క దినంల నొక్కుమంటుండు, లేకుంటె ఆర్డర్ రద్దంటుండు. అడ్రసు తిక్కతిక్కగుంది, నీలం బటన్ సుత ఉంది. నువ్వు చెప్పినట్టె తీసిపారేసిన."

శభాష్ అంటానని చూస్తున్నాడు. ఒకరు తీసేస్తే అందరి ఫోన్లలోనూ పోతుంది కాబట్టి అది నా కంట పడలేదు. ఫోనులో మెయిల్ చెత్తబుట్ట తెరిచి చదివాను. మేం బుక్ చేసిన సైటు నుంచే వచ్చింది. మీ కారుకు పవర్ స్టీరింగ్ ఉందా లేదా, కింద నొక్కి చెప్పండి, చెబితేనే పంపగలం అని అడిగారు. ఆర్డర్ నంబరు ఉంది, కానీ ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. సైటు యాప్ తెరిచాను. ఆర్డర్ రద్దయింది. ఉన్న ఒక్క పీసూ వేరెవరికో అమ్ముడుపోయింది. ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని మిషన్ మాట్లాడింది. మనిషి దొరకలేదు.

దొంగ మీద ఎంత కోపమొచ్చిందో ఈ నిజాయితీపరుల మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. తెలుగువాడికి సామాను అమ్ముతారు, తెలుగులో ఒక్క ముక్క రాయరు. గడువు పెట్టి బెదిరిస్తారు. తిరిగి జవాబు రాద్దామంటే రాయడానికి వీల్లేని అడ్రసు నుంచి పంపిస్తారు. దొంగ ఎలా రాస్తాడో అచ్చం అలాగే రాసి, కింద మాత్రం మోసగాళ్లతో జాగ్రత్త అని మనకే బుద్ధి చెబుతారు.

తమ్ముడికి చెప్పక తప్పలేదు. "గది దొంగది కాదు తమ్మీ. అసలోళ్లదే" అన్నాను.

అతను నా చేతిలోని ఫోను తీసుకుని ఆ మెయిల్‌ను మళ్లీ పైనుంచి కిందికి జరిపాడు. "మరి దొంగది ఎట్లుంటదక్కా?" అన్నాడు.

ఇప్పుడైతే అందరికీ ఒకటే చెబుతున్నాను. మెయిల్‌ను నమ్మొద్దు, పారేయొద్దు. ఎక్కడ బుక్ చేశామో ఆ యాప్ మనమే తెరిచి, అందులో మన ఆర్డర్ దగ్గర ఏం రాసుందో చూసుకోవాలి.

నెల మారింది. ఒక పొద్దున జుక్కల్ టీచర్లు మా షాపు ముందే కొత్త కారెక్కారు. తమ్ముడే వాళ్ల సంచులు లోపలికి అందించాడు. తర్వాత కొత్త డ్రైవరు పక్కనున్న అద్దం దగ్గరికి వంగి, అతనితో "వెనుక కూసునే మేడమ్‌కు నడుం నొప్పి ఉంటదన్నా, గుంతలకాడ మెల్లగ పోనియ్" అని చెప్పాడు. కారు వెళ్లిపోయింది. అతను చేతులు దులుపుకుని నావైపు చూడకుండా అడ్డాలోకి నడిచాడు. ఆ దొంగ ఎప్పుడైనా నా చేతికి చిక్కితే డబ్బు సంగతి ఎత్తను. జుట్టు పట్టుకుని తెచ్చి, ఆ పొద్దున తమ్ముణ్ని చూస్తూ నేను నిలబడ్డ చోట నిలబెడతాను.