అమావాస్య ఆటలు

పోయిన వారం పెనుకొండ నుంచి ఫోనొచ్చింది. మా పీడీ సారు నిద్రలోనే పోయారట. హిందూపురం కాలేజీలో మాకు ఆటలు నేర్పిన మనిషి, మైదానంలో ఒక్కరోజూ కుదురుగా కూర్చోని మనిషి, అంత నిమ్మళంగా వెళ్లిపోయారంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆటల చరిత్ర కూడా ఆయనే చెప్పేవారు. ఆ క్లాసంటే మాకు కునికిపాట్లు. ఒకసారి ఉండబట్టలేక, "జనాన్ని ఆడించడానికి చరిత్రెందుకు సార్? విజిలుంటే చాలదా?" అనేశాను.

ఆయన పకపకా నవ్వారు. "ఉత్త విజిలూదితే పోలీసనుకుంటారు పాపా. కొట్లాడినోళ్ల గురించి పుస్తకాలు రాసిరి. ఆడుకున్నోళ్ల గురించి ఎవురు రాసిరి? మనమే అడిగి తెలుసుకోవాల."

పరీక్షలో రాసుకోవడానికి పనికొస్తుందిలే అనుకున్నాను.

చదువయ్యాక ధర్మవరంలో, మగ్గాల వీధుల పక్కన ఒక చిన్న ఆటస్థలం చూసుకునే ఉద్యోగం దొరికింది. రోజంతా గుంటమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునే నేతవాళ్లకు ఆటవిడుపుగా మున్సిపాలిటీ పెట్టిన చోటు. నేను ప్రతి ఆదివారం క్యారమ్ బోర్డులు, చదరంగం బల్లలు వేసి కూర్చునేదాన్ని. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. ఇలాగైతే స్థలాన్ని బండ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామని మున్సిపాలిటీవాళ్లు చెప్పేశారు. సారుకు ఫోన్ చేశాను.

మరునాడే బస్సెక్కి వచ్చారు. ఏ ఆటస్థలానికి వెళ్లినా ముందు చెప్పులు విడిచి చుట్టూ ఒకసారి నడవడం ఆయన అలవాటు. అలాగే నడిచొచ్చి, నా బోర్డుల వంక చూసి, "పొద్దంతా కూర్చున్నోళ్లను మళ్లా కూర్చోబెడతావా?" అన్నారు. తర్వాత నన్ను వీధిలోకి తీసుకెళ్లి, అరుగు మీద పట్టుదారం చుడుతున్న ఒక అవ్వ పక్కన కూర్చున్నారు.

"అవ్వా, నీ చిన్నప్పుడు ఈడ ఏమేం ఆటలాడుతాంటిరి?"

"మేం తొక్కుడుబిళ్ల, మొగోళ్లు చెడుగుడు. అమావాస్య వచ్చెనంటే పొద్దుగూకేదాకా అదే పనప్పా."

"అమావాస్యకేనా?"

"మగ్గం దిగేది ఆ పొద్దే కదా! ఆదివారం మాకు సెలవెవురిచ్చిరి?"

సారు నావైపు తిరిగి మీసాల్లోనే నవ్వారు. "ఈ నేల మీద ముందెవురాడిరో అడిగితే, రేపెవురొస్తారో తెలుస్తాది పాపా. చరిత్రంటే ఇదే."

ఆ అమావాస్యకు బోర్డులు లోపల పెట్టి, సున్నంతో గీతలు గీశాం. మధ్యాహ్నానికి జనం కిటకిటలాడారు. అవ్వ కూడా కుచ్చిళ్లు ఎగదోపుకుని గళ్లలోకి దూకింది. స్థలం నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఈరోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే. అప్పటి నుంచి ఒంట్లో బాగున్న ప్రతి అమావాస్యకూ ఆయన వచ్చేవారు.

నిన్న అమావాస్య. గేటు తీయడానికి నాకు మనసు రాలేదు. అవ్వే వచ్చి తట్టింది.

"ఆయప్ప ఉంటే మూసిపెడతాండెనా? తియ్ పాపా."

తీశాను. సున్నం డబ్బా తెచ్చుకుని గీత మొదలుపెట్టబోతూ తలెత్తితే, గేటు పక్కన వరసగా చెప్పులు. ఎవరూ చెప్పకుండానే అందరూ, అవ్వ ముందు, మిగతావాళ్లు వెనక, వట్టికాళ్లతో స్థలం చుట్టూ నడుస్తున్నారు.