ఊటీకి కాదు, తలంటుకి

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఆదివారం... మద్రాసు చింతాద్రిపేటలో మా ఇంటి ముందుగదిలో నాయన చాప మీద కూర్చుని, చెవికి పెన్సిల్ పెట్టుకుని, ఒక చిన్న నీలం పుస్తకం తిరగేస్తున్నాడు. చుట్టూ మేమందరం. పరీక్ష ఫలితాలు చదువుతున్నంత నిశ్శబ్దం!

నాయన మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్. నెలలో సగం రోజులు కోయంబత్తూరు, మదురై, సేలం... ఎక్కడికెళ్లినా ఒకే కంపెనీ హోటళ్లలో దిగేవాడు. దిగినప్పుడల్లా వాళ్లు ఆ పుస్తకంలో ఒక ముద్ర కొట్టేవారు. వంద ముద్రలు నిండితే, ఆ కంపెనీ హోటల్ ఏ ఊళ్లో ఉన్నా సరే, ఇంటిల్లిపాదికీ ఒక రూము ఒక రోజు ఉచితం. వద్దనుకుంటే ఒక సూట్‌కేసు. రెండేళ్లు తిరిగితే నిండింది ఆ పుస్తకం... అదీ మే నెలాఖరులోగా వాడకపోతే చెల్లదట.

నాకు, చెల్లెలు వాణికి ఇందులో ఆలోచించడానికేముందో అర్థం కాలేదు. ఊటీ! ఇంకేముంది? నేనైతే సెలవులకి ముందే క్లాసులో అందరికీ చెప్పేశాను. పక్క బెంచీ అమ్మాయి దగ్గర స్వెట్టర్ కూడా అడిగి తెచ్చుకున్నాను. మద్రాసు మే నెలలో, ఫ్యాను కింద, అద్దం ముందు దాన్ని వేసుకుని చెమటలు కక్కుతూ చూసుకున్నదాన్ని నేను...

అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, "తిరపతిలో లేదారా ఆ హోటలు?" అని నాలుగోసారి అడిగింది. లేదని నాలుగోసారి చెప్పాడు నాయన. ఆయన మనసు మాత్రం సూట్‌కేసు మీదే ఉందని మాకు తెలుసు. ఆ బొమ్మ ఉన్న పేజీ మడతపెట్టి ఉంది.

అమ్మని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా...

అమ్మ అప్పుడే వీధిలోంచి వచ్చింది. ఆ ఏడాది నీళ్ల కటకట మామూలుగా లేదు. ఇంటి ముందు చేతిపంపు ఎంత కొట్టినా బుస్సుమని గాలే తప్ప చుక్క రాదు. రోజు విడిచి రోజు లారీ వచ్చేది. రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరసలో అమ్మ గంట నిలబడి తెచ్చిన నీళ్లే ఐదుగురికీ. స్నానానికి మనిషికి అరబకెట్. అందరిదీ అయ్యాక అమ్మకి ఎంత మిగిలేదో నేనెప్పుడూ చూడలేదు.

చంకలో బిందె దించకుండానే అడిగింది. "ఏమండీ, ఆ హోటల్లో నీళ్లొస్తాయా?"

"ఎందుకు రావు? ఇరవైనాలుగు గంటలూ వస్తాయి. వేణ్ణీళ్లు కూడా."

"మన టి. నగర్లో ఉండాది గదా వాళ్లది ఒకటి. ఆడికి పోదాం."

నాయన నవ్వాడు. "సుమ్మా తమాషాకి అంటా ఉండావా? బస్సెక్కితే అరగంటలో ఆడుంటాం. ఎవురన్నా ఉండే ఊళ్లోనే హోటల్లో దిగతారా? జనం నవ్వరా?"

"నవ్వితే నవ్వనీండి. నేను తలకి పోసుకోవాల. చెంబులు లెక్క పెట్టుకోకుండా... ఒక్కసారి."

నాయన చెవి మీది పెన్సిల్ తీసి కింద పెట్టేశాడు. "నేను టూర్లో దినామూ షవర్ కింద నిలబడతా ఉండా... నాకు తోచనే లేదు చూడు," అన్నాడు మెల్లగా.

నేను ఏడ్చాను. ఊటీ కోసం బాగా ఏడ్చాను... సిగ్గు లేకుండా చెప్తున్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మేం టి. నగర్ హోటల్ ముందు దిగిన వైభవం చూడాలి! నువ్వుల నూనె సీసా, శీకాయ పొడి డబ్బా, అరడజను తువ్వాళ్లు... వాటన్నిటికీ మించి, అవ్వ చేతిలో రెండు ఖాళీ ప్లాస్టిక్ బిందెలు. "ఆడ ఊరికే వస్తాయంట గదా నీళ్లు, వచ్చేటప్పుడు పట్టుకోనొస్తాం" అంది అవ్వ. నాయన ఎంత బతిమాలినా వదల్లేదు. పెద్ద మీసాల పోర్టరు ఆ ఆకుపచ్చ బిందెల్ని కూడా సామానుతో పాటు ఎంతో మర్యాదగా పైకి మోసుకొచ్చాడు. నాయన అతని మొహం చూడకుండా గోడ మీద పటం చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ అందరి తలలకీ నూనె పెట్టింది. అవ్వ, వాణి, నేను, నాయన... వరసగా స్నానాలయ్యాయి. ఎప్పటిలాగే చివర అమ్మ వెళ్లింది.

అరగంటైంది... ముప్పావుగంటైంది... లోపల నీళ్ల చప్పుడు ఆగలేదు. మధ్యలో కూనిరాగం వినిపించింది. అమ్మ పాడుతుందని నాకు అంతవరకూ తెలియదు!

వాణి తలుపు తట్టబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "తట్టొద్దమ్మా. ఇంట్లో ఎప్పుడూ ఎవురో ఒకరం పిలస్తానే ఉంటాం."

గంటకి బయటికొచ్చింది. జుట్టంతా విరబోసుకుని, చెంపలు ఎర్రగా... ఎవరో కాలేజీ అమ్మాయిలా ఉంది. మా అందరి మొహాలూ చూసి నవ్వేసింది. "ఎంతసేపు పోసుకున్నా వస్తానే ఉండాయండీ!" అంది. ఒక్క క్షణం ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "ఇంకొకసారి పోసుకోనొస్తా," అని మళ్లీ లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

ఆ క్షణంలో ఊటీ మీద నాకున్న కోపమంతా పోయింది. నిజం.

ఇప్పుడు ముద్రల బదులు పాయింట్లు, అవీ ఫోన్లోనే పడుతున్నాయి. ఏ ఊళ్లో వాడితే లాభమో ఫోనే చెప్తుంది... పెన్సిల్ అక్కర్లేదు, చాప అక్కర్లేదు, చుట్టూ మనుషులూ అక్కర్లేదు. పోయినవారం రెండు నిమిషాల్లో గోవాలో నాలుగు రోజులు బుక్ చేశాను. ఇంటిల్లిపాదికీ. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది... అమ్మని అడగనేలేదు.

మీ అమ్మ తనకోసమని నోరు తెరిచి అడిగిందేమైనా ఉందా? గుర్తుంటే కింద రాయండి, తీరిగ్గా చదువుతాను... అమ్మ పక్కగదిలోనే ఉంది, ముందు లేచి వెళ్లి అడిగొస్తాను.