రానివ్వమన్న మాట

జక్రయ్యగారి ప్రార్థన మందిరానికి ఏడేళ్ళు నిండాయని పండుగ చేస్తున్నారు. ఆ సందర్భంగా చిన్న పుస్తకం అచ్చు వేస్తారట. అందులోకి మందిరం పెట్టిన పాస్టరయ్యగారి జీవితం రెండు పేజీల్లో రాసిపెట్టమని నాకు కబురొచ్చింది. మా పల్లెలో బి.ఏ. చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, పైగా ఇప్పుడు హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను, అందుకని నన్నడిగారు. అడిగినవాళ్ళు జరిగింది మరిచిపోయారో, మరిచిపోయినట్టు నటిస్తున్నారో తెలియదు గానీ, నేను మాత్రం మరిచిపోలేదు. రాస్తాను. అచ్చు వెయ్యడం, వెయ్యకపోవడం వాళ్ళిష్టం.

జక్రయ్యగారు పర్చూరు పక్కన మా పల్లెలోనే పుట్టాడు. పేరు చివర గారు తగిలిస్తున్నాను, చిన్నప్పుడు నా చేత పలక మీద అక్షరాలు దిద్దించినవాడు కాబట్టి. అన్నారు, చేశారు అని రాయడం మాత్రం నా వల్ల కాదు. వాళ్ళ నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర పొయ్యిలో కట్టెలు వేసే పని చేసేవాడు. కొడుకుని మిషన్ బళ్ళో వేస్తే, హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు ముగించుకుని, అదే బళ్ళో మాస్టరై వచ్చాడు. తెలివైనవాడే, ఆ మాట దాచను. మావాళ్ళలో ఇంగ్లీషు గడగడా మాట్లాడిన మొదటి మనిషి ఆయన. ఊళ్ళో పెద్ద రైతు చెంచురామయ్యగారికి కోర్టు కాగితం వస్తే జక్రయ్యగారినే పిలిపించేవాడు. పల్లెవాణ్ణి వాకిట్లో నిలబెట్టి మాట్లాడే ఆ మనిషి, ఈయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మరీ చదివించుకునేవాడు. తనని అరుగెక్కించింది ఇంగ్లీషేనని జక్రయ్యగారికి బాగా తెలుసు. అప్పటినుంచి ఇంగ్లీషులో ఉన్నదేదైనా ఆయనకి శిలాశాసనమే.

ఉజ్జీవ కూటాలని పెట్టే పెద్ద ప్రార్థన సభలకి అమెరికా దొరలు వస్తే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది ఆయనే. దొర చెయ్యెత్తితే చెయ్యెత్తేవాడు, గొంతు తగ్గిస్తే తగ్గించేవాడు. దొర దగ్గితే ఈయనా దగ్గుతాడని మా నాయనమ్మ అనేది. 1981లో వచ్చిన ఒక పొడుగుపాటి దొర కొత్త సంగతి మోసుకొచ్చాడు. ఇంగ్లండు రాజు ఒకాయన ఎప్పుడో మూడు వందల డెబ్భై ఏళ్ళ కిందట పండితుల్ని కూర్చోబెట్టి రాయించిన ఇంగ్లీషు బైబిలు ఒక్కటే అసలైన దేవుని వాక్యమట. తర్వాత వచ్చిన ఇంగ్లీషు బైబిళ్ళు కల్తీ, మన తెలుగు బైబిలు మరీ కల్తీ. ఆ మాటల్ని జక్రయ్యగారు పందిరి నిండా కూర్చున్న జనానికి తెలుగులో చెప్పాడు. తెలుగు బైబిలు తప్ప ఇంకో పుస్తకం ఎరగనివాళ్ళకి, దాన్ని చదువుకోవడం కోసమే పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్న ముసలమ్మలకి, మీ చేతిలో ఉన్నది కల్తీ అని చెప్పాడు. ఆయన మీద నాకు మొదట కోపం వచ్చింది అక్కడే.

ఏడాది తిరిగేసరికి బడి ఉద్యోగం వదిలేసి, పాత మిషన్ గుడిలోంచి సగం మందిని చీల్చుకుని కొత్త మందిరం పెట్టాడు. దొర ఇంటికొకటి చొప్పున రాజుగారి బైబిలు పంచాడు. చదవగలిగినవాళ్ళు ఎవరున్నారు గనక? మా అక్క ప్రేమమ్మ ఇంట్లో అది ట్రంకు పెట్టె మీద ఉండేది. మా బావ క్రీస్తుదాసు రోజూ దాన్ని దులిపి, కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. పల్లె రెండు ముక్కలయింది. పాత గుడివాళ్ళు వీళ్ళని రాజుగారి బంట్లనీ, వీళ్ళు వాళ్ళని కల్తీగాళ్ళనీ పిలుచుకున్నారు. అన్నదమ్ములు పెళ్ళికి పిలుచుకోవడం మానేశారు. పాలల్లో నీళ్ళు పోసి అమ్మే బసవమ్మ కూడా మీ పల్లెలో ఈ కల్తీ గొడవేందని విస్తుపోయింది.

మందిరంలో జక్రయ్యగారి పద్ధతి ఒకటుండేది. ముందు తెలుగు వచనం ముక్కు చిట్లిస్తూ చదువుతాడు. ఆ పుస్తకం మూసేసి, నల్లతోలు ఇంగ్లీషు బైబిలు తెరిచి, ఇప్పుడు రాజుగారి మాట వినండి అంటాడు. ఆ ఏడు కోత పండుగకి తెలుగు బైబిల్లో ఉన్న నైవేద్యం అనే మాట మీద పడ్డాడు. అది దేవుళ్ళ గుళ్ళో మాట, దొరల దగ్గర పనిచేసిన మున్షీలు దొంగచాటుగా దూర్చారన్నాడు. రాజుగారు మీట్ అన్నాడు, మీట్ అంటే మాంసం, కాబట్టి ఇకనుంచి జొన్నలూ కందులూ గుమ్మడికాయలూ తేవద్దు, కోళ్ళూ మేకలూ తెమ్మన్నాడు. ఆ అధ్యాయంలోనే పిండీ నూనే ఉన్నాయిగా అని ఎవరో అడిగితే, అవి ముక్కలకి పట్టించడానికన్నాడు. పాత గుడివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. కోడిని తేలేనివాళ్ళు మాత్రం ఉత్త చేతులతో వెనక వరసలో నిలబడ్డారు.

ఆ తర్వాత మిరప కోతల్లో మా లేయ పోయింది.

అక్కకి లేయ ఒక్కతే బిడ్డ, మూడో ఏడు నడుస్తోంది. అక్క చెంచురామయ్యగారి కల్లంలో ఎండుమిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరే పనికి పోయేది. సాయంత్రం ఇంటికొస్తే చీరలో, జుట్టులో, గోళ్ళల్లో ఘాటు. పిల్లకి కోరింత దగ్గు పట్టుకుంది. తల్లి ఎత్తుకుంటే ఘాటుకి దగ్గు ఎక్కువయ్యేది, దించితే తల్లి కావాలని ఏడ్చేది. అక్క వస్తూనే నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని ఎత్తుకునేది, అయినా ఘాటు వదిలేది కాదు. పర్చూరులో డాక్టరు మందిచ్చాడు, గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. బస్సు కోసం నిలబడి ఉండగానే, దగ్గీ దగ్గీ ఊపిరందక, అక్క భుజం మీదే పోయింది.

పిల్లల్ని అడ్డగించకండి, నా దగ్గరికి రానివ్వండి అని ప్రభువు శిష్యుల్ని మందలించిన మాట ఉంది. మావాళ్ళలో పసిబిడ్డల్ని మట్టి చేసేటప్పుడు ఆ మాటే చదువుతారు. ఏడ్చే తల్లికి అంతకంటే ఊరట లేదు. జక్రయ్యగారూ సమాధుల తోటలో అదే తీశాడు. తెలుగు చదివాడు, మూశాడు, ఇంగ్లీషు తెరిచాడు.

"తెలుగువాళ్ళు రానియ్యుడి అని మెత్తగా రాసుకున్నారు. రాజుగారి బైబిల్లో అట్లా లేదు, సఫర్ అని ఉంది. సఫర్ అంటే బాధపడు. చిన్నపిల్లలు బాధపడి నా దగ్గరికి రావాలని ప్రభువు కోరాడు. ఈ బిడ్డ బాధపడింది, వాక్యం నెరవేరింది."

అక్క ఏడుపు ఆగిపోయింది. మట్టి వేస్తున్నంతసేపూ ఆయన చేతిలో పుస్తకం వైపే చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె మీది బైబిలు తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ మొదటి ఏడు చదువుతున్నాను. ఆ చోటు వెతికి చదివాను. సఫర్ అనే ఉంది. ఉందా అని అడిగింది, ఉందన్నాను. బాధేనా అని అడిగింది, అవునన్నాను. నాకూ అంతవరకే తెలుసు.

అప్పటిదాకా తన ఒంటి మీది ఘాటే బిడ్డని తిన్నదని అక్క కుమిలిపోతూ ఉంది. ఆ దిగులు పోయి, దాని చోట అంతకంటే పెద్ద భయం వచ్చి కూర్చుంది. దేవుడికి పిల్లల బాధ కావాలి. బాధపడందే దగ్గరికి తీసుకోడు. ఇంకో బిడ్డ వద్దంది, కంటే ఆ బిడ్డా ఇట్టాగే దగ్గాలిగా అంది. బావని దగ్గరికి రానిచ్చేది కాదు. ఆదివారం మందిరానికి మాత్రం తప్పకుండా వెళ్ళేది, పోలీసు స్టేషన్లో సంతకం పెట్టడానికి వెళ్ళినట్టు.

మరుసటి ఏడు మాకు పాత ఇంగ్లీషు నాటకం ఒకటి పాఠం. మేడమ్ ఒక వాక్యం దగ్గర ఆగి, ఇక్కడ సఫర్ అంటే బాధపడడం కాదు, ఆ రోజుల్లో ఆ మాటకి అనుమతించడం, రానివ్వడం అని కూడా అర్థం ఉండేదని చెప్పింది. అట్లాగే మీట్ అంటే మాంసమే కాదు, ఏ తిండైనా సరేనంది. తక్కినవాళ్ళు రాసుకుంటున్నారు. నాకు కలం కదల్లేదు. రాజుగారూ రానివ్వమనే రాశాడు. తెలుగువాళ్ళు రాసుకున్నదీ అదే. మధ్యలో బాధని తెచ్చి పెట్టింది జక్రయ్యగారు.

ఆ సాయంత్రమే పర్చూరు బస్సెక్కి నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. చెప్పింది విని, దొర ఇచ్చిన పెద్ద డిక్షనరీ దించి, వేలు పెట్టి వెతికాడు. వేలు ఒకచోట ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాజుగారి మాటలో తప్పు లేదమ్మా" అన్నాడు.

"లేదండి. మీరు చెప్పిన అర్థంలో ఉంది. ఆ సంగతి మా అక్కతో చెప్పండి."

ఆయన డిక్షనరీ మూశాడు. తర్వాత, ఒక్క మాట తప్పు చెప్పానని ఒప్పుకుంటే రేపు ప్రతి మాటా అడుగుతారు, మందిరం నిలవదన్నాడు. మందిరంలో చెప్పనక్కర్లేదు, మా అక్క ఒక్కదానికే చెప్పమన్నాను. సరే వస్తానన్నాడు. రాలేదు. నేను సెలవులకి వచ్చినప్పుడల్లా గుర్తు చేశాను. దొర వస్తున్నాడనేవాడు, కూటాలనేవాడు, నడుం నొప్పనేవాడు. వాళ్ళింటికీ మా అక్క ఇంటికీ మధ్య నాలుగు గుమ్మాలు. ఆ నాలుగు గుమ్మాలు దాటలేని మనిషి పల్లెపల్లెకీ పోయి వాక్యం చెప్పాడు. ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది.

ఆయన రాకపోతే నేనే చెబుదామని కూర్చున్నాను. అక్క అంతా విని, జాలిగా నవ్వింది.

"నీకు ఏబీసీడీలు నేర్పిందే ఆయన. ఆయనకి తెలియంది నీకు తెలిసిందా? ఆ రోజు నువ్వూ చదివి బాధే అన్నావుగా. నా ఏడుపు చూడలేక ఇప్పుడు మారుస్తున్నావు."

పాత గుడి అయ్యగారి చేత చెప్పిస్తానన్నాను. వాళ్ళు కల్తీవాళ్ళంది. తన నోటి మాట తప్ప పల్లెలో ఇంకెవరి మాటా చెల్లకుండా చేసిపెట్టాడు జక్రయ్యగారు. ఆ మాట కాస్తా ఆయన చెప్పడు.

అక్క వద్దు వద్దనుకుంటూనే 1985లో మగబిడ్డని కన్నది. సంతోషం లేదు. బిడ్డ తుమ్మినా వణికిపోయేది, గుండె మీద చెవి పెట్టి వింటూ కూర్చునేది. కల్లం పని మానేసింది. పురిటి స్నానం అయ్యాక జక్రయ్యగారు ప్రార్థన చెయ్యడానికి ఇంటికొచ్చాడు. బిడ్డని మందిరానికి ఎప్పుడు తెస్తారో, ప్రభువుకి ఎప్పుడు అప్పగిస్తారో అడగాలని కూడా వచ్చాడు. బావ నులకమంచం వాల్చాడు. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఈ రోజు చెప్పకపోతే నేనే ఆయన ముందు అడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను.

ఆయన చేతిలో రెండు పుస్తకాలున్నాయి. తెలుగుది తెరిచాడు. పిల్లల్ని అడ్డగించొద్దన్న ఆ చోటే తీసి, రానియ్యుడి అని చదివాడు. ముక్కు చిట్లించలేదు. పుస్తకం మూసి, ఇంగ్లీషుది తెరవకుండానే, ప్రార్థన చేద్దాం అంటూ తల వంచాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తప్పు ఒప్పుకోకుండానే దిద్దేసుకున్నాడు.

అక్క తల వంచలేదు.

"రాజుగారిది చదవలేదేందండీ?"

"అదీ ఇదీ ఒకటేనమ్మా."

"లేయని మట్టి చేసిన రోజు ఒకటి కాదన్నారుగా."

ఆయన నా వైపు చూశాడు. అక్క మళ్ళీ అడిగింది.

"అయ్యగారూ, అందులో ఏం రాసుంది?"

"రానివ్వమని."

"బాధపడి రావాలని లేదా?"

"లేదు."

"మీకెప్పటినుంచి తెలుసు?"

నిజమే చెప్పాడు, అంతవరకు మెచ్చుకోవాలి. మీ చెల్లెలు గుంటూరునుంచి వచ్చి చెప్పిన రోజునుంచి అన్నాడు. అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టలేదు, ఏడవలేదు. బావ మాత్రం గోడవైపు తిరిగి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క లేచి చాప మీది బిడ్డని ఎత్తుకుంది. అది చూసి, బిడ్డని ఇస్తుందనుకుని, దీవించడానికి జక్రయ్యగారు రెండు చేతులూ చాచాడు.

"దేవుడి దగ్గరికి రానిస్తాను" అంది అక్క. "మీ దగ్గరికి మాత్రం రానివ్వనండి."